పాలు తోడుకున్న వీధి

మనిషి చిక్కిపోతే ఆ చిక్కిన బరువంతా ఎక్కడికి పోతుంది?

ఈ సందేహం ఈశ్వరిని పదేళ్ల వయసు నుంచి వదల్లేదు. మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసే తండ్రి, జబ్బుచేసి ఒక్క వేసవిలో సగం మనిషి అయిపోయినప్పుడు మొదటిసారి కలిగింది. నీళ్లయితే ఆవిరైపోతాయి. కట్టె కాలితే బూడిదైనా మిగులుతుంది. మనిషిలోంచి తరిగిపోయిన పాతిక కిలోలు ఏ మూలా కనపడవేం? బళ్లో మాస్టారిని అడిగితే నవ్వి కూర్చోమన్నాడు. గుళ్లో పూజారిని అడిగితే, "అమ్మవారే తీసుకుంటుందమ్మా" అన్నాడు. అమ్మవారికి అదంతా దేనికో ఆ పిల్లకి అర్థం కాలేదు. మళ్లీ అడిగితే తప్పేమోనని ఊరుకుంది.

పెళ్లయి చీరాల వచ్చాక సందేహం తిరగబడింది. భర్త నాగలింగం పెళ్లిపీటల మీద కూర్చున్ననాడు యాభై ఎనిమిది కిలోలు. యాభై నాలుగేళ్లు వచ్చేసరికి నూట పద్దెనిమిది. చీరల కొట్లో పొద్దున తొమ్మిదింటికి పరుపు మీద కూర్చుంటే రాత్రి దాకా లేవడు. బేరానికి వచ్చినవాళ్లతో పాటు తనూ టీ తాగుతాడు, వాళ్లతో పాటే బజ్జీ తింటాడు. షుగరు వచ్చింది, బీపీ వచ్చింది. మోకాళ్లు మెట్లెక్కనివ్వడం మానేశాయి. నిద్రలో గురక సాగి సాగి ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆ ఆగిన చోట ఈశ్వరి కళ్లు తెరిచి, వేళ్ల మీద అంకెలు లెక్కపెట్టేది. పదిహేను దాటితే భుజం పట్టి కుదిపేది. ఏ రోజున ఇరవై దాటుతుందో అని ఆమె భయం. నాగలింగం బాధ వేరు. ఇంట్లో వ్రతం చేసుకుంటే భార్య పక్కన నేల మీద కూర్చోలేక వెనకాల కుర్చీలో కూర్చుంటాడు. "నీ పూజకి నేను చుట్టాన్ని" అంటాడు నవ్వుతూ. ఆ నవ్వు ఆమెకి బాగుండేది కాదు.

శ్రావణంలో ఒక ఆదివారం, ఊరి బయట పాల పరిశోధన కేంద్రం వాళ్లు వీధి చివర బళ్లో శిబిరం పెట్టారు. వీధిలో పెద్దవాళ్లందర్నీ వరసలో నిలబెట్టి బరువు తూచి, నడుం చుట్టూ టేపు వేసి కొలిచారు.

"ఏందమ్మా, అందర్నీ కొలుస్తన్నారు, రవికెలు కుట్టిస్తారా?" అంది పక్కింటి కోటిరత్నం. అరవై రెండేళ్ల ఒంటరి మనిషి, వెదురుబద్దలా ఉంటుంది. "నన్నుగూడా కొలవండి. మీ టేపు నాకు రెండు చుట్లు తిరుగుద్ది."

"మీకు అక్కర్లేదు పెద్దమ్మా. మీరు నలభై మూడు కిలోలే" అంది తూచే అమ్మాయి.

"అక్కర్లేదంట! విన్నావా అల్లుడూ? దేనికీ పనికిరానిదాన్నయిపోయా. నీ దాంట్లో పది కిలోలు ఇటు పడెయ్యి."

"పదేంటత్తా, యాభై తీసుకో, పసుపూ కుంకుమతో ఇస్తా" అన్నాడు నాగలింగం. వరస మొత్తం నవ్వింది.

శిబిరం నడిపిస్తున్న డాక్టరు వైదేహి నవ్వలేదు. సాయంత్రం కాగితాలు ముందేసుకుని, ఉండిపోయిన నలుగురితో చెప్పింది. "నలభై ఆరుగురిని కొలిచాం. ఇరవై ఏడుగురు ఉండాల్సినదానికంటే బరువున్నారు. అందులో తొమ్మిదిమంది బాగా ఎక్కువ. లావుగా ఉంటే చూడటానికి బాగోదని కాదమ్మా నా గొడవ. గుండె, కాలేయం, కీళ్లు, నిద్రలో ఊపిరి, అన్నీ ఆ బరువు కిందే నలుగుతాయి. ఏమీ కానట్టే ఏళ్లు గడుస్తాయి. ఒకరోజు అన్నీ కలిసి వస్తాయి."

ఈశ్వరి ధైర్యం చేసి తన సందేహం అడిగేసింది.

డాక్టరు మొదటిసారి ఆమె వంక నిదానంగా చూసింది. "మంచి ప్రశ్న. చాలావరకు ఊపిరిలో పోతుంది. కొవ్వు కరిగితే గాలైపోతుంది. మనం వదిలే గాలిలోనే అది బయటికి పోతుంది. మిగిలింది నీళ్లు."

ఈశ్వరి ఇంటికి నడుస్తూ ఆ మాటే తలుచుకుంది. అంటే ఆ వేసవంతా, ఒక్క గది ఇంట్లో, నాన్నని తామే పీల్చారన్నమాట.

*

కేంద్రంలో తయారైనది చూడ్డానికి పెరుగే. నలభై రకాలు విఫలమయ్యాక కుదిరింది కాబట్టి దాన్ని అక్కడ అందరూ నలభైఒకటి అనేవారు. కడుపులోకి వెళ్లాక అందులోని సూక్ష్మజీవులు పేగుల్లో కాపురం పెట్టి, ఒంట్లో దాచుకున్న కొవ్వుని కొంచెం కొంచెంగా వేడిగా మార్చి పంపించేస్తాయి. కదలకుండా కూర్చున్న మనిషి లోపల పరుగెత్తుతున్నట్టే. ఎనభై ఐదు కిలోలు దాటిన పద్దెనిమిదిమందిని ఎంచుకున్నారు. నాగలింగం వాళ్లలో ఒకడు. పది రోజులకోసారి సీలు వేసిన కప్పులు వ్యానులో వచ్చేవి. రోజుకొకటి తిని, ఖాళీ కప్పులు లెక్కగా తిరిగి ఇచ్చెయ్యాలి.

"మిగిల్చి ఇంకెవరికీ పెట్టొద్దు" అని డాక్టరు వైదేహి రెండుసార్లు చెప్పింది. పాలల్లో వెయ్యొద్దని మాత్రం చెప్పలేదు. ఆవిడ హాస్టళ్లలో చదువుకున్న మనిషి. ఇళ్లలో పెరుగు ఎట్లా పుడుతుందో ఆవిడకి గుర్తు రాలేదు.

నెలకి పది కిలోల చొప్పున నాగలింగం తగ్గాడు. గురక పోయింది. ఈశ్వరి అంకెలు లెక్కపెట్టడం మానేసింది. కానీ అతని పక్కన పడుకుంటే పొయ్యి పక్కన పడుకున్నట్టుండేది. వీధిలో తిరిగే పిల్లి ఒకటి కిటికీలోంచి వచ్చి అతని కాళ్ల దగ్గర చుట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. తరవాత రెండు వచ్చాయి. అతని తలవైపు గోడ మీద బల్లులు చేరాయి. ఒకనాడు లెక్కపెడితే పదకొండు.

దసరా సెలవులకి వ్యాను నాలుగు రోజులు రాలేదు. ఒక్కటే కప్పు మిగిలింది. వరస తప్పితే అంతా మళ్లీ మొదటికొస్తుందేమోనని ఈశ్వరి భయపడింది. కప్పులోంచి ఒక చెంచా తీసి, గోరువెచ్చటి పాలల్లో కలిపి మూత పెట్టింది. ఆమె తల్లి అలాగే చేసేది, ఆమె తల్లి తల్లి కూడా. రెండు గంటల్లో పెరుగు పేరుకుంది. చాకుతో కోస్తే ముక్కలొచ్చేంత గట్టిగా, మీగడ మీద ఒక్క నీటిబొట్టు లేకుండా. అంత చక్కటి పెరుగు ఆమె జన్మలో చూడలేదు.

ఆ మర్నాడు కోటిరత్నం గిన్నె పట్టుకుని గడపలో నిలబడింది.

"ఈశ్వరీ, కాస్త తోడెయ్యవే. నా పెరుగు నీళ్లు కారతంది."

ఈశ్వరి ఒక్క క్షణం తటపటాయించింది. ఎవరికీ పెట్టొద్దన్నారు. కానీ ఇది పెట్టడమా? తోడు అడిగిన మనిషిని ఖాళీ గిన్నెతో పంపడం ఆమె ఎరుగునా? పాలల్లో వేస్తే కప్పులోది పలచబడిపోతుంది, దాంట్లో ఇంకేం శక్తి ఉంటుంది అనుకుంది. చెంచాడు వేసింది.

కోటిరత్నం పెరుగు బాగుందని ఎదురింటివాళ్లు అడిగారు. వాళ్లని వాళ్ల పక్కింటివాళ్లు.

*

కార్తీకంలో నాగలింగం పదేళ్ల తర్వాత మొదటిసారి నేల మీద బాసింపట్టు వేసుకుని భార్య పక్కన పూజలో కూర్చున్నాడు. ఎనభై తొమ్మిది కిలోలు. సంకల్పం తనే పైకి చెప్పాడు. ఈశ్వరి కళ్లు తుడుచుకుని, నైవేద్యం మూత తీసింది.

పరమాన్నం గిన్నెలోనే గడ్డ కట్టి ఉంది. విరగలేదు. చల్లగా, నున్నగా తోడుకుని ఉంది. పొయ్యి మీదనుంచి దించి గంట కూడా కాలేదు.

"పాలు మంచివి కావేమో" అన్నాడు నాగలింగం.

ఆ గిన్నె పొయ్యి మీంచి దించి, గోరువెచ్చగా అయ్యాక దేవుడి ముందు పెట్టింది తనేనని ఈశ్వరికి గుర్తొచ్చింది. తన చేతుల్ని చూసుకుంది. వెచ్చగా ఉన్నాయి. తను కూడా నెలరోజులుగా ఆ పెరుగే తింటోంది. ఎనిమిది కిలోలు తగ్గితే సంతోషపడింది కూడా.

ధనుర్మాసం వచ్చింది. మంచు దట్టంగా పడే తెల్లవారుజాముల్లో ఆడవాళ్లు వాకిళ్లు చిమ్మి ముగ్గులేస్తున్నారు. ఒక్కరి మీదా శాలువా లేదు. పక్క వీధి వాళ్లు మఫ్లర్లు చుట్టుకుని పోతుంటే, ఈ వీధి మగవాళ్లు బనియన్లతో అరుగుల మీద కూర్చున్నారు. అందరి ఒంటి మీంచీ సన్నగా ఆవిరి లేస్తోంది. రోడ్డంతా పొగమంచు ఉంది గానీ, ఆ ఇరవై ఇళ్ల మధ్య మాత్రం లేదు. అక్కడికి వచ్చేసరికి తెర కత్తిరించినట్టు ఆగిపోయింది. ఏ ఇంటి ముందు నిలబడ్డా ఒకటే వాసన, తియ్యగా పులిసిన వాసన.

"ఏం వండారు వదినా?" అంటే, "ఏం లేదు, ఆకలి లేదు" అంటున్నారు. అందరిదీ అదే మాట.

చివరింటి వీరాస్వామి, మగ్గం నేసి నేసి ముందే ఎండిపోయిన ముసలాయన, ఆ వారంలో పోయాడు. పొద్దున ఆరింటికి ఊపిరి ఆగింది. ఊళ్లో డాక్టరు వచ్చి చూసి పోయాడన్నాడు. ఎనిమిదింటికి ఒళ్లు కాలుతోందని కోడలు కేకలేస్తే మళ్లీ వచ్చి చూశాడు. పదింటికి మళ్లీ పిలిచారు. గుండె లేదు, నాడి లేదు. ఛాతీ మీద చెయ్యి పెడితే మాత్రం పసివాడికి జ్వరం వచ్చినంత వేడి. అది చల్లారేదాకా పాడె ఎత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు. సాయంత్రం నాలుగు దాకా వాకిట్లో కూర్చుని ఎదురుచూశారు. చివరి గుక్కకని తల దగ్గర పెట్టిన గిన్నెలో పాలు ఎప్పుడో తోడుకున్నాయి.

ఆ మర్నాడు కోటిరత్నం మంచం మీంచి లేవలేదు.

*

ఈశ్వరి కేంద్రానికి ఆటోలో వెళ్లి, డాక్టరు వైదేహి ఎదుట నిలబడి అంతా చెప్పేసింది. దసరా, కప్పు, చెంచా, కోటిరత్నం గిన్నె. చెప్పేటప్పుడు పైట కొంగు నలుపుతూనే ఉంది.

డాక్టరు శిబిరం కాగితాలు ముందుకు లాక్కుంది. "కొవ్వు అయిపోతే అవి ఆకలితో చచ్చిపోతాయనుకున్నాం. ఎనభై ఐదు కిలోలకి పైబడ్డవాళ్లే ఉన్నారు మా దగ్గర, కొవ్వు అయిపోయినవాళ్లెవరూ లేరు. అయిపోతే కండని కాలుస్తాయని మాకు తెలిసే దారి లేదు." మళ్లీ తనే, "కాదు, తెలుసుకుని ఉండాల్సింది" అంది.

"తప్పు నాదమ్మా."

"పాలల్లో వెయ్యొద్దని నేనెందుకు చెప్పలేదు? నేనూ రోజూ పెరుగు తింటాను. ప్యాకెట్టులోది."

ఆ మధ్యాహ్నమే వీధికి రెండు వ్యాన్లు వచ్చాయి. ప్రతి ఇంట్లో పెరుగు గిన్నెలన్నీ వాకిట్లో పెట్టించారు. వాటిలో సున్నం పోశారు. పెరుగు బుసబుసమంటూ పొంగి, చల్లారింది. గిన్నెలూ చెంచాలూ కవ్వాలూ అన్నీ మరగబెట్టించారు. మనిషికి మూడు రోజులు వాడే మాత్రలిచ్చారు.

"ఒక్కరు కూడా మానకూడదు" అంది డాక్టరు, అరుగు మీద నిలబడి. "ఇప్పుడది పెరుగులో లేదు. మీ చేతుల్లో ఉంది, మీ ఊపిరిలో ఉంది. ఒక్క ఒంట్లో మిగిలినా నెల తిరక్కుండా మళ్లీ అందరిలోకీ వస్తుంది. కోటిరత్నం పెద్దమ్మ ఇప్పుడు ముప్పై ఒకటికి దిగింది. ఇంకోసారి తట్టుకోలేదు."

ఇంటికి వచ్చి నాగలింగం మాత్రల పట్టీ బల్ల మీద పెట్టాడు. తీసుకోలేదు.

"వేసుకోండి" అంది ఈశ్వరి.

"నాకు షుగరు మాత్ర ఆపేశారు. బీపీ మాత్ర సగం చేశారు. నిద్రలో నా ఊపిరి ఆగట్లేదని నువ్వే అన్నావు. ఇది వేసుకుంటే రెండేళ్లలో మళ్లీ నూట ఇరవై. మళ్లీ ఆ కుర్చీ. నీకు ఇష్టమేనా?"

"పక్కింట్లో పిన్ని..."

"నేను తలుపులేసుకుని ఉంటాను. ఆవిడింటికి పోను. వేరే చోట ఉంటా, కొట్లో పడుకుంటా."

"ఎన్నాళ్లు?"

అతను పట్టీని బల్ల మీద ఇంకాస్త దూరంగా జరిపాడు. ఈశ్వరికి కోపం రాలేదు. వస్తే తేలిగ్గా ఉండేది. అతను అడిగినదాంట్లో అబద్ధం లేదు. వేళ్ల మీద లెక్కపెట్టిన ఆ అంకెలు ఆమెకింకా గుర్తే. దేవుడి మందిరం ముందు కూర్చుంది గానీ ఏం కోరుకోవాలో తెలియలేదు. ఇద్దరినీ బతికించమంటే దేవుడు వింటాడేమో. ఒకరి కోసం ఒకరిని తగ్గించమని ఎట్లా అడగాలి? చివరికి ఏమీ అడక్కుండా లేచింది.

మర్నాడు పొద్దున్నే పాలు కాచి గ్లాసులో పోసింది. "పిన్నికి గంటకోసారి రెండు చెంచాలు పట్టాలి. నిన్న మింగిన మాత్రతో నా కళ్లు తిరుగుతున్నాయి. మీరిచ్చి రండి" అంది. నిజంగానే ఆమె గోడ పట్టుకుని నిలబడి ఉంది. పిన్నిని అతను ఒక్కసారి కళ్లారా చూడాలనీ ఉంది ఆమెకి. అతను భార్య మొహం చూసి, గ్లాసు అందుకున్నాడు.

రెండు ఇళ్ల మధ్య ఇరవై అడుగులు. కోటిరత్నం మంచం మీద ఒక దుప్పటి మడతలా ఉంది. కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఎవరూ, అల్లుడా? రా. నువ్వన్న యాభై కిలోలు తెచ్చావా?"

నాగలింగం స్టూలు మీద కూర్చుని చెంచా గ్లాసులో ముంచాడు. చెంచా దిగలేదు. పాలు తెల్లగా, గట్టిగా, అంచుదాకా పేరుకుని ఉన్నాయి. అతని గుప్పిట ఉన్న మేర గాజు కాలిపోతోంది.

"ఏమయింది?"

"ఏం లేదత్తా. ఇంకో గ్లాసు తెస్తా."

"ఎన్ని తెచ్చినా అంతేలే. నిన్న ఆ నర్సు తెచ్చినయ్యి మాత్రం పాలలాగే ఉన్నయ్యి. నోట్లో పోసుకున్నా, లోపలికి పోయి మంటలో పోసినట్టే పోయినయ్యి." ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఒక్క మాట. మీ ఆవిడ నాకు బాకీ ఉంది. పోయేలోపల వసూలు చేసి పెట్టు."

"ఏం బాకీ?"

"మీరీ ఇంట్లో దిగినరోజు, ఇరవై రెండేళ్లయింది. పాలు పొంగించారు గానీ తోడు లేదు. నా దగ్గరికొచ్చి చెంచాడు పట్టుకెళ్లి, రేపిచ్చేస్తా పిన్నీ అంది. ఆ రేపు ఇంకా రాలా. తర్వాత నేనడిగి తీసుకున్నయ్యి అన్నీ తీర్చేశాలే, నాది నిక్కచ్చి లెక్క. ఆ మొదటిదే మిగిలింది. సంవత్సరానికోసారి గుర్తుచేస్తే నవ్వుద్ది, ఇయ్యదు."

అతను నవ్వబోయాడు. చేతిలో గ్లాసు చూసుకున్నాడు. తిరగేసి పట్టుకుంటే ఒక్క చుక్క జారలేదు.

ఇంటికొచ్చి నిలబడే మాత్ర మింగాడు. నీళ్ల గ్లాసు ఈశ్వరి చేత పట్టించుకున్నాడు, తన చేత్తో ఏమీ ముట్టకుండా.

*

మూడు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున ఈశ్వరి చలికి మెలకువ వచ్చి లేచింది. వీధిలోకి మంచు వచ్చింది. గోడ మీద ఒక్క బల్లీ లేదు. పక్కన నాగలింగం సన్నగా గురక పెడుతున్నాడు. ఆమె కాసేపు విని, కుదపకుండా లేచి, అతని నడక చెప్పులు గుమ్మం దగ్గర పెట్టింది. డాక్టరు వైదేహి కొత్త మందేదీ ఇవ్వలేదు. పొద్దున గంట నడక, కొట్లో పరుపు తీసేసి నిలబడి అమ్మడం, రాత్రి జొన్నరొట్టె. "నిదానంగా పోతుంది, మళ్లీ వస్తానంటుంది, రోజూ పోట్లాడాల్సిందే" అని మాత్రం చెప్పింది. నలభైఒకటి కాగితాలు అలమారాలో పెట్టి తాళమేసిందట.

వీధి మొత్తంలో తోడు లేదు. ప్యాకెట్టు పెరుగు తెచ్చి వెయ్యొచ్చు. ఎందుకో ఎవరికీ మనసు రాలేదు. ఈశ్వరి పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి అందులో వేసింది. మొదటిరోజు పలచగా, ఘాటు వాసనతో ముద్దయింది. దాంతో రెండోరోజు, దాంతో మూడోరోజు. నాలుగోరోజుకి పెరుగు అనదగ్గదొచ్చింది. గట్టిగా లేదు. పైన కాస్త నీళ్లు తేరింది. ఆ నీళ్లు చూసి ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

చిన్న గిన్నెలో రెండు చెంచాలు వేసి, మీద ఆకు కప్పి పక్కింటికి వెళ్లింది. కోటిరత్నం గోడకి దిండు పెట్టుకుని కూర్చుని ఉంది. ముప్పై నాలుగు కిలోలు. శాలువా కప్పుకుని వణుకుతోంది. ఆ వణుకు చూస్తే ఈశ్వరికి ప్రాణం లేచి వచ్చింది.

"ఇదిగో పిన్నీ. ఇరవై రెండేళ్ల నాటిది."

"అల్లుడు చెప్పాడా? చాడీలు చెప్పే మొగుడు దొరికాడే నీకు." ఆవిడ ఆకు తీసి లోపలికి చూసింది. "నీళ్లు కారతంది."

"కారనివ్వండి."

"చెంచాడు తీసుకుని రెండు తెచ్చావేం?"

"వడ్డీ."

కోటిరత్నం గిన్నె రెండు చేతులా పట్టుకుంది. వంటింట్లో గిన్నెలో కాచిన పాలు ఉన్నాయని, అందులో కలిపి మూత పెట్టమని చెప్పబోయి నోరు తెరిచింది. ఆగిపోయింది. ఏదో దూరాన పిలుపు వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచింది. ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుంది.

"ఈశ్వరీ."

"ఏంటి పిన్నీ? ఏమైంది?"

"ఆకలేస్తందే."

ఈశ్వరి ఆవిడ పొట్ట మీది చెయ్యి వంకే చూసింది.

"అట్టా చూస్తావేం? అన్నముంటే నాలుగు మెతుకులు పట్రా. పాలకి రేపు చూద్దాంలే."

ఈశ్వరి పరుగున ఇంటికి వెళ్లి వేడి అన్నం తెచ్చింది. కోటిరత్నం గిన్నెలోని తోడంతా అన్నం మీద ఒంపుకుంది. గిన్నె అంచు వేలితో తుడిచి అది కూడా కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, ఖాళీ గిన్నె ఈశ్వరి చేతికిచ్చింది.

"చెల్లు" అంది.